ఊరొదిలిన ఊరు

మా వుడ్‌ల్యాండ్స్ ఇంటి వంటగది కిటికీలోంచి చూస్తే జోహోర్ బారు మేడలు కనిపిస్తాయి. మధ్యలో సన్నటి సముద్రపు పాయ. దాని మీద 1924లో తెరిచిన కాజ్‌వే, కిలోమీటరు పైచిలుకు ఉంటుంది. తెల్లవారకముందే అటునుంచి మోటార్‌సైకిళ్లు బారులు తీరి వస్తాయి. సాయంత్రం అవే తిరిగి వెళ్తాయి. ఆ కాస్త దూరం దాటితే చట్టం వేరు, పన్ను వేరు, డబ్బు వేరు. మనుషులు మాత్రం వాళ్లే. పదకొండేళ్లుగా చూస్తున్నా ఈ గీత నాకు వింతగానే ఉంటుంది. మా అమ్మమ్మ వాళ్లది పేరాల కావడం వల్లేమో.

వందేళ్ల కిందట చీరాల, పేరాల జనం ఇలాంటి గీతే ఒకటి దాటారు. అక్కడ సముద్రం లేదు, వంతెన లేదు, పాస్‌పోర్టు అడిగేవాళ్లూ లేరు. ఉన్నదల్లా మున్సిపాలిటీ హద్దు. ఊళ్లో ఉన్న పదిహేను వేల మందిలో పదమూడు వేలకు పైగా మూటాముల్లె సర్దుకుని ఆ హద్దు బయటకు నడిచారు. పదకొండు నెలలు అక్కడే పాకల్లో ఉన్నారు. వాళ్లను నడిపించిన మనిషి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆంధ్రరత్న అంటే మన తరం వాళ్లకు స్కూలు పుస్తకంలో ఒక పేరా, బెజవాడలో ఒక భవనం. నాకూ అంతే, ఈ మధ్య వరకు.

మళ్లీ ఆయన గురించి చదవాల్సి వచ్చిన కారణం చెబితే నవ్వుతారు. మేం తొమ్మిది కుటుంబాల వాళ్లం ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పుకుంటున్నాం. అధ్యక్షుడు లేడు, కోశాధికారి లేడు, ఫీజు లేదు. ఒక వారం ఒకరింట్లో, ఇంకో వారం ఇంకొకరింట్లో. ఎవరికి వచ్చింది వాళ్లు చెబుతారు, రానివాళ్లు పులిహోర చేస్తారు. ఆరేళ్లు బాగానే నడిచింది. పోయిన ఏడాది నాకు డెంగీ జ్వరం వచ్చి మంచం పట్టాను. వరసగా మూడు ఆదివారాలు క్లాసు జరగలేదు. నాలుగో వారం వాట్సాప్‌లో ఒక మిత్రుడు మెసేజీ పెట్టారు: ఇలా కుదరదు, సంఘంగా రిజిస్టర్ చేద్దాం, కమిటీ వేద్దాం, వంతు తప్పినవాళ్లకు జరిమానా పెడదాం అని. చదవగానే నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఒకరి మీద ఒకరికి అధికారం లేకుండా, ఇష్టంతో చేసుకునే పనికి జరిమానా ఏమిటి అనిపించింది. అదే మాట అమ్మతో ఫోన్లో అంటే, మీ అమ్మమ్మ వాళ్లమ్మ రామనగరంలో కాపురం చేసిందిరా, అప్పుడెవరు జరిమానా వేశారు అంది. అక్కడ మొదలైంది.

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన మూడో రోజున తల్లి పోయింది. మూడో ఏట తండ్రి పోయారు. నాయనమ్మ, పినతండ్రి పెంచారు. గుంటూరులో చదువు. చదువు కంటే పాటలు, నాటకాల మీద ధ్యాస ఎక్కువ. హైస్కూల్లో ఉండగానే తోటివాళ్లను పోగేసి నాటక సమాజం పెట్టారు. మెట్రిక్ తప్పారు. తర్వాత బాపట్లలో చదివి గట్టెక్కారు. ఇలాంటి పిల్లవాణ్ణి చూస్తే ఇప్పటి మన ఇళ్లలో ట్యూషన్ల మీద ట్యూషన్లు పెట్టేస్తాం.

1911లో సహాధ్యాయి నడింపల్లి నరసింహారావు తోడుగా ఓడెక్కి స్కాట్లాండ్ వెళ్లారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేశారు. మనలాగే మాస్టర్స్ కోసం దేశం దాటిన కుర్రవాడన్నమాట. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ప్రభుత్వం, మనిషి, సహకారం మీద గట్టి చర్చే నడుస్తుండేది. రష్యా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో తలదాచుకున్న క్రొపోట్కిన్, జంతువుల్లోనూ మనుషుల్లోనూ పోటీ కంటే పరస్పర సాయమే బతుకును నిలబెట్టిందని వాదిస్తూ 1902లో 'మ్యూచువల్ ఎయిడ్' తెచ్చారు. పైనుంచి రాజో పోలీసో లేకపోయినా మనుషులు కలిసి బతకగలరన్నది ఆయన పట్టుదల.

అయితే గోపాలకృష్ణయ్య మీద నేరుగా పడిన నీడ మరొకరిది. సింహళంలో తమిళ తండ్రికి, ఆంగ్లేయ తల్లికి పుట్టిన ఆనంద కుమారస్వామి. భారతీయ కళల మీద ఆయనంత పట్టున్నవాళ్లు అప్పుడు అరుదు. ఆయనతో కలిసి పనిచేస్తూ నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని గోపాలకృష్ణయ్య ఇంగ్లీషులోకి తెచ్చారు. 'ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్' అనే ఆ పుస్తకాన్ని 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు అచ్చువేశారు. మా అమ్మాయి ఇక్కడ కూచిపూడి నేర్చుకుంటోంది. తను రోజూ పట్టే పతాక, త్రిపతాక హస్తాలను బయటి ప్రపంచానికి ఇంగ్లీషులో చెప్పిన ఇద్దరిలో ఒకరు పెనుగంచిప్రోలు మనిషి అని చెబితే నమ్మలేదు. పుస్తకం అట్ట మీద పేరు చూపించాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది, 1918లో, కుమారస్వామి 'ది డాన్స్ ఆఫ్ శివ' తెచ్చారు. అందులో చివరి వ్యాసం నాట్యం గురించి కాదు. ఒక మనిషి ఇష్టాన్ని మరో మనిషి మీద రుద్దకుండా సమాజం ఎలా నడవాలి అన్నది. ఇతరులను ఏలాలన్న కోరికనే వదులుకోవాలని, ఎవరి పని వాళ్లు ఎవరి స్వభావం కొద్దీ చేసుకోవాలని ఆయన వాదన. కాగితం మీద అందంగానే ఉంటుంది. మూడేళ్లు తిరక్కుండానే ఆయన సహచరుడికి పదమూడు వేల మందితో దాన్ని పరీక్షించే అవసరం వచ్చింది.

ఇంటికి తిరిగొచ్చిన గోపాలకృష్ణయ్య రాజమండ్రిలో, బందరులో పాఠాలు చెప్పారు. రెండు చోట్లా పైవాళ్లతో పొసగలేదు. ఉద్యోగం వదిలేశారు. విదేశీ డిగ్రీ ఉంది, హార్వర్డ్ అచ్చువేసిన పుస్తకం ఉంది, జీతం లేదు. అప్పటికే పెళ్లయిన మనిషి. ఈ భాగం చదివేటప్పుడు ఆయన భార్య ఏమనుకుని ఉంటుందా అని నేను పదేపదే ఆగాను. మన చరిత్రల్లో ఆ వైపు ఎవరూ రాయరు.

ఇక చీరాల సంగతి. చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు, అప్పటి గుంటూరు జిల్లాలో. నేతగాళ్ల ఊళ్లు. రెంటినీ కలిపి యూనియన్ అనేవారు. ఏడాదికి నాలుగు వేల రూపాయల దాకా పన్ను వచ్చేది. 1919లో ప్రభుత్వం దాన్ని మున్సిపాలిటీ చేస్తామంది. పన్ను నలభై వేలకు పెరుగుతుంది. రోజంతా మగ్గం మీద కూర్చుంటే పూట గడిచే ఇళ్లకు పదింతల పన్ను! వచ్చే సౌకర్యం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. వద్దని అర్జీలు పెట్టారు. వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. జీతం మీద అధికారిని పెట్టి మరీ మున్సిపాలిటీ నడిపించారు. పన్ను కట్టబోమన్నవాళ్లను జైలుకు పంపారు. వాళ్లలో రావూరి అలమేలమ్మ అనే పెద్దావిడ కూడా ఉంది.

ఇదంతా తెల్లదొర ఒక్కడి పని కాదు. 1920 చివర్లో మద్రాసులో మన మంత్రులే వచ్చారు. స్థానిక పాలన చూసిన మంత్రి, తర్వాత పానగల్ రాజాగా పేరుపడ్డ రామరాయణింగారు, తెలుగువారే. మున్సిపాలిటీ రద్దుకు ఆయనా ఒప్పుకోలేదు. స్థానిక పాలన మీకు మేలు చేయడానికే అన్నది ప్రభుత్వం వాదం. ఆ మేలు మాకు అక్కర్లేదు అన్నది ఊరి మాట. పాలించేవాడి రంగు మారినంత మాత్రాన అడగకుండా చేసే మేలు బలవంతం కాకుండా పోతుందా? నాకిది చిన్న ప్రశ్నలా అనిపించదు.

అప్పటికి గోపాలకృష్ణయ్య చీరాలలో ఉన్నారు. రామదండు పేరుతో వెయ్యి మంది దాకా వాలంటీర్లను తయారు చేశారు. కాషాయం బట్టలు, నుదుట సింధూరం, మెడలో రుద్రాక్షలు. 1921 మార్చి చివర్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు లక్షల్లో వచ్చిన జనాన్ని సర్దింది ఈ దండే. లాఠీ లేదు, అధికారం లేదు. పాడుతూ, నవ్విస్తూ దారి ఇప్పించారు. గోపాలకృష్ణయ్య నోరు విప్పితే జనం కదిలేవాళ్లు కాదట. గొంతెత్తి పాడేవారు, ఆశువుగా చాటువులు చెప్పేవారు. బ్రిటిష్ వాళ్లను ఎగతాళి చేసినట్టే కాంగ్రెస్ పెద్దలనూ ఎగతాళి చేసేవారు. ఆ వేషం మాత్రం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. మా బ్లాకులో మసీదుకెళ్లేవాళ్లు, చర్చికెళ్లేవాళ్లు, గుడికెళ్లేవాళ్లు ఒకే లిఫ్టులో దిగుతాం. స్వచ్ఛందంగా అందరూ కలవాలన్న పనికి ఒక మతం గుర్తులు వేసుకుంటే, కలవలేనివాళ్లు కొందరు గుమ్మం బయటే మిగిలిపోతారేమో. 1921లో అలా అనిపించి ఉండకపోవచ్చు.

ఏప్రిల్ మొదటి వారంలో గాంధీ చీరాల వచ్చారు. ఏం చేయమంటారని అడిగారు. ఆయన రెండు దారులు చూపించారు. చేయెత్తకుండా, మాట తూలకుండా పన్ను నిరాకరించి వచ్చే శిక్ష భరించడం ఒకటి. మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. కాంగ్రెస్ డబ్బు ఇస్తుందని ఆశపడొద్దని, చేసేది సొంత బలంతోనే చేయమని కూడా చెప్పారు.

రెండో దారిలో ఉన్న గమ్మత్తు నాకు ఇప్పటికి తెలిసింది. మున్సిపాలిటీ మీద రాయి వేయనక్కర్లేదు. ఆఫీసుకు తాళం వేయనక్కర్లేదు. అధికారిని తిట్టనక్కర్లేదు. మనం పక్కకు తప్పుకుంటే చాలు, ఏలడానికి మనుషులుండరు. పన్ను పుస్తకం ఉంటుంది, గుమాస్తా ఉంటాడు, కట్టేవాడుండడు. గోపాలకృష్ణయ్య ఆ దారే పట్టారు.

ఆ ఎండల్లోనే జనం కదిలారు. ఊరి బయట రామనగరం, ఉత్తరనగరం వెలిశాయి. తాటాకు పాకలు, పందిళ్లు. చదివేటప్పుడు తేలిగ్గా దాటిపోయే మాట ఇది. మా అమ్మమ్మ వాళ్లింట్లో గుంటమగ్గం చూసినవాణ్ణి కాబట్టి నేను దాటలేకపోయాను. గుంటమగ్గాన్ని మంచంలా ఎత్తుకుపోలేం. నేతగాడు కాళ్లు పెట్టుకుని తొక్కే చెక్కలు నేలలో తవ్విన గుంటలో ఉంటాయి. ఇల్లు మారడమంటే ఆసు, పన్నె, అచ్చు అన్నీ విప్పి, కొత్తచోట గుంట తవ్వి మళ్లీ బిగించడం. అది కూడా ఇసుక నేలలో. వాన పడితే గుంటలోకి నీళ్లొస్తాయి, నూలు చెమ్మ పట్టి పోగు తెగుతుంది. మగ్గం ఆగిన రోజు కూలి లేదు. మా అమ్మమ్మ వాళ్లమ్మకు అప్పటికి పదహారేళ్లు, ఒళ్లో పసిపిల్ల. ఆ వానాకాలం ఇంట్లో పొయ్యి వెలిగించడం కంటే గుంటలో నీళ్లు తోడడమే పెద్ద పనిగా ఉండేదని తరవాతివాళ్లకు చెప్పిందట. పోరాటం గురించి మా ఇంట్లో మిగిలిన జ్ఞాపకం అదొక్కటే.

అక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు, పన్ను లేదు. మరి పదమూడు వేల మంది ఎలా ఉన్నారు? ఒక్కో కులం నుంచి ఎన్నుకున్న ప్రతినిధులతో సభ ఏర్పాటు చేసుకున్నారు. తగాదాలు పంచాయతీలో తీర్చుకున్నారు. రామదండు కాపలా కాసింది, ఊడ్చింది, లేనివాళ్లకు గింజలు చేర్చింది. చందాలు పోగయ్యాయి. గోపాలకృష్ణయ్య జనంతోపాటే ఉండి పాటలతో, కథలతో ఉత్సాహం తగ్గకుండా చూశారు. కులాల వారీ సభ అనగానే ఇవాళ మనకు ముఖం చిట్లుతుంది. కానీ ఒక్క రాత్రిలో ఊరు లేచి వెళ్లినప్పుడు చేతికందే కట్టుబాటు అదే. కులపెద్ద మాటకు అలవాటు పడ్డ జనం అది. అందులో ఎంత ఇష్టం, ఎంత భయం అని అడిగితే నా దగ్గర తూకం లేదు. పాలకుడు లేని చోట పాత పెద్దరికాలు మెల్లగా పాలకుడి కుర్చీలో కూర్చుంటాయన్నది మాత్రం మనం మన సంఘాల్లోనూ చూస్తున్నదే.

ప్రభుత్వానికి ఇది మింగుడుపడలేదు. ఎదురుతిరిగి రాళ్లు రువ్వితే తుపాకీ తీయొచ్చు. ఊరికే పక్కన కూర్చున్నవాళ్లను ఏం చేస్తారు? చేయగలిగింది ఒకటే, మధ్యలో ఉన్న మనిషిని తీసేయడం. డబ్బు నిండుకుంటోంది. చందాల కోసం, సభల కోసం గోపాలకృష్ణయ్య ఊళ్లు తిరుగుతున్నారు. అలా బరంపురం వెళ్లినప్పుడు ఉపన్యాసాలు ఇవ్వొద్దని ఆంక్ష పెట్టారు. ఆయన లెక్కచేయలేదు. అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు. తిరుచిరాపల్లి జైలు.

ఆ తర్వాత రామనగరం కుంగింది. వానలకు పాకలు దెబ్బతిన్నాయి. ప్రభుత్వ భూమిలో వేసుకున్న పాకలను తీసేయమని ఒత్తిడి వచ్చింది. గింజలు, డబ్బు తెచ్చే మనిషి లేరు, రాత్రి పాట లేదు. పదకొండు నెలల తర్వాత జనం ఒక్కొక్కరే హద్దు దాటి వెనక్కి వచ్చారు. వాళ్లు ఓడిపోయారని కొందరు, గెలిచారని కొందరు రాశారు. నా మటుకు ఒకటి గుచ్చుకుంటుంది. పదకొండు నెలల్లో ఆ పదమూడు వేల మంది ఒక్కరి మీద చేయెత్తలేదు. ఒకరినొకరు దోచుకోలేదు. అంత సాధించినవాళ్లు ఒక్క మనిషి జైలుకెళ్లగానే తూలిపోయారు. ఏలాలన్న కోరిక లేని మనిషే గోపాలకృష్ణయ్య. అయినా అన్ని పనులూ ఆయన చుట్టూ అల్లుకున్నాయి. చందా తెచ్చేదీ ఆయనే, ధైర్యం చెప్పేదీ ఆయనే, పాట పాడేదీ ఆయనే. కుర్చీ లేకపోయినా కుర్చీ బరువు ఆయన మీదే పడింది.

పోయిన జూన్‌లో మంచం మీద పడుకుని నేను మురిసిపోయిన సంగతి ఇక్కడ ఒప్పుకోవాలి. నేను లేకపోతే క్లాసు జరగలేదు చూశారా అని లోపల ఒక చిన్న సంతోషం. ఏ వారం ఎవరింట్లో, ఏ పిల్లకు ఏ పుస్తకం, ఎవరికి పల్లీ పడదు, ఇదంతా నా ఫోన్లో, నా బుర్రలో ఉంది. ఎవరికీ చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు అనుకున్నాను. ఆఫీసులో అయితే ఒక్క మనిషి మీద ఆధారపడ్డ సిస్టమ్ చూస్తే నేనే మొదట గోల చేస్తాను. ఆ మిత్రుడు జరిమానా అన్నది కోపంతో కాదు, నాకు మళ్లీ జ్వరం వస్తే ఏమవుతుందన్న దిగులుతో.

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్య ఎక్కువ కాలం బతకలేదు. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పేరుతో సంగీతం, సాహిత్యం, జానపద కళలను నిలబెట్టాలని తాపత్రయపడ్డారు. డబ్బు ఎప్పుడూ లేదు. ఒంట్లో క్షయ ముదిరింది. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి తిండి, విశ్రాంతి అంటారు, ఆయనకు ఆ రెండూ కరువే. ఎడింబరో నుంచి వచ్చాక ఏదో ఒక కాలేజీలో తలొంచుకుని ఉంటే కథ వేరేగా ఉండేదేమో. 1928 జూన్ 10న కన్నుమూశారు. ముప్పై తొమ్మిదో పుట్టినరోజు దాటి ఎనిమిది రోజులు. నాకిప్పుడు నలభై నాలుగు.

మొన్న శనివారం తొమ్మిది కుటుంబాలూ మా ఇంట్లో కూర్చున్నాం. రిజిస్ట్రేషన్ మాట తేలలేదు, జరిమానా మాట మాత్రం ఆ మిత్రుడే వెనక్కి తీసుకున్నారు. నేను ఫోన్లో ఉన్న జాబితాలన్నీ అందరికీ పంపాను. పుస్తకాల అట్టపెట్టె వేరే ఇంటికి వెళ్లింది. వచ్చే మూడు నెలల వంతుల పట్టిక రాసింది ఇంతవరకు పులిహోర వంతు మాత్రమే తీసుకున్న ఒకావిడ. అందులో ఎక్కడా నా పేరు లేదు. ఎందుకండీ అని అడిగితే, మీరు లేకుండా ఎన్ని వారాలు నడుస్తుందో చూద్దామని అన్నారు. ఆదివారం పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ చెప్పులేసుకుని, మళ్లీ విప్పి వంటగదిలోకి వెళ్లాను. కాజ్‌వే మీద బళ్లు కదులుతున్నాయి.